ఫొటోలో నానమ్మ ఏదీ?

2019లో మా అత్తగారు పోయారు. పదో రోజుకల్లా ఫొటో కట్టించాలి, దండ వెయ్యాలి. "వదినా, అమ్మది మంచి ఫొటో ఒకటి చూసివ్వు. పెద్దది చేయించుకొస్తాను" అన్నాడు మా మరిది. అదెంత పని అనుకున్నాను. మా ఇంట్లో 2009 నుంచీ డిజిటల్ కెమెరా ఉంది. పదేళ్ల ఫొటోలు, నాలుగు వేలకు పైనే, కంప్యూటర్‌లో ఉన్నాయి.

కూర్చుని ఒక్కొక్కటే చూశాను. పుట్టినరోజు కేకులున్నాయి. గుడి గోపురాలున్నాయి. కొత్త స్కూటరుంది, కొత్త ఫ్రిజ్ ఉంది, అరకులోయ ఉంది. అత్తగారు మాత్రం ఎక్కడున్నా ఓ అంచునే ఉన్నారు. సగం తల తెగిపోయి ఒకచోట, ఫ్లాష్ పడి కళ్లు ఎర్రగా మెరుస్తూ ఒకచోట, పొయ్యి దగ్గర ఆవిరి వెనకాల ఒకచోట. గ్రూపు ఫొటోల్లో అయితే వెనక వరసలో చిక్కుడు గింజంత మొహం. "పోనీ ఓటరు కార్డు మీది ఫొటోయే పెద్దది చేయిద్దామా?" అన్నారు మావారు. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు.

చివరికి ఒకటి దొరికింది. మా అమ్మాయి ఏడేళ్లప్పుడు తీసింది. అప్పటికి ఆ కెమెరా పాతబడి, దాని ఆటవస్తువైపోయింది. వీధి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న నానమ్మని, ఎదురుగా తనూ చతికిలబడి తీసింది. ఆవిడ ఏదో అంటూ నవ్వుతున్నారు. ముక్కుపుడక మీది మెరుపు, కళ్ల కింది ముడతలు, వేళ్ల మధ్య చిక్కుడుకాయ, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఇప్పుడు మా హాల్లో ఉన్నది ఆ ఫొటోయే.

ఏమీ తెలియని పిల్ల తీసింది అంత బాగా ఎలా వచ్చింది? పదేళ్లు పెద్దవాళ్లం తీసినవి ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. దానికి జవాబు వెతుక్కుంటూనే నేను కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నాను. నాకు తెలిసిన నాలుగు విషయాలూ మీతో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

కెమెరా మగవాళ్ల వస్తువా?

ఇంట్లో మిక్సీ మనది, కెమెరా వాళ్లది. ఎవరు పంచిపెట్టారో తెలియదు గానీ చాలా ఇళ్లలో లెక్క ఇదే. నిజానికి ఫొటోల చరిత్రలో మన ఆడవాళ్లకి చోటు లేకపోలేదు. 1892లోనే హైదరాబాద్‌లో లాలా దీన్ దయాళ్ పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా 'జెనానా స్టూడియో' తెరిచారు. దాన్ని నడిపింది ఒక ఆంగ్ల మహిళ. మగవాళ్ల కంట పడకుండా ఆడవాళ్లు ఫొటో దిగడానికి అదొక వీలు. ఇక 1913లో గుజరాత్‌లోని నవసారిలో పుట్టిన హోమాయ్ వ్యారవాలా మనదేశంలో మొదటి మహిళా ఫొటో జర్నలిస్టు. చీర కట్టుకుని, బరువైన కెమెరా మోసుకుంటూ స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్ని ఫొటోలు తీశారావిడ. 2011లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది.

అంత బరువు మోసిన ఆవిడ ముందు మన అరచేతిలో ఇమిడే కెమెరా ఏపాటిది చెప్పండి?

ఫోనుండగా కెమెరా ఎందుకు?

మంచి ప్రశ్నే. 2010లో జపాన్ కంపెనీలు ప్రపంచం మొత్తానికి సుమారు 12 కోట్ల డిజిటల్ కెమెరాలు పంపాయి. 2023 వచ్చేసరికి ఆ లెక్క 80 లక్షల లోపుకి పడిపోయింది. కారణం మీ చేతిలోని ఫోనే. కాబట్టి కొనేముందు 'నాకు ఏం ఫొటోలు కావాలి?' అని అడగండి.

పిల్లలు, పండుగ పిండివంటలు, ముగ్గులు, పెరటి మొక్కలు అయితే మంచి ఫోను చాలు. కెమెరా కోసం ఖర్చు పెట్టకండి. కానీ స్కూలు వార్షికోత్సవంలో మీ అమ్మాయి స్టేజీ మీద కూచిపూడి చేస్తూ, మీరు ఇరవయ్యో వరసలో కూర్చుంటే చాలా ఫోన్లు చేతులెత్తేస్తాయి. కొల్లేరు పక్షులకైనా అంతే. అక్కడ నిజమైన జూమ్ ఉన్న కెమెరా కావాలి. ఇంకో లాభం కూడా ఉంది. ఫొటో తీస్తుండగా కెమెరాకి ఎవరూ ఫోన్ చెయ్యరు. పిల్లల చేతికిచ్చినా వాళ్లు ఫొటోలే తీస్తారు, వీడియోలు చూస్తూ కూర్చోరు.

మెగాపిక్సెళ్ల మాయ

షాపులో అడుగు పెట్టగానే "మేడమ్, ఇది ఇన్ని మెగాపిక్సెళ్లు" అని మొదలెడతారు. పిక్సెల్ అంటే ఫొటోలోని ఒక చుక్క. చుక్కల ముగ్గులో చుక్కల్లాంటిదే. పది లక్షల చుక్కలు ఒక మెగాపిక్సెల్. 1975లో అమెరికాలో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ శాసన్ తయారు చేసిన మొదటి డిజిటల్ కెమెరాలో ఉన్నవి పది వేల చుక్కలే. ఒక ఫొటోని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది.

మరి మనకెన్ని కావాలి? ఆల్బమ్‌లో పెట్టే 4 బై 6 అంగుళాల ఫొటోకి అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్కేస్తే 1200, 1800 చుక్కలు. గుణిస్తే సుమారు 22 లక్షలు, అంటే రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు. గోడకి తగిలించే 8 బై 12 అంగుళాల ఫొటోకి తొమ్మిది లోపే. మా అత్తగారి ఫొటో తీసింది 10 మెగాపిక్సెళ్ల పాత కెమెరా. ఇప్పుడొస్తున్న చాలా కెమెరాలకి అంతకంటే ఎక్కువే ఉంటాయి. కనుక ఆ అంకె చూసి డబ్బు ఎక్కువ పెట్టకండి.

చూడాల్సింది సెన్సర్. ఒకప్పుడు రీలు చేసిన పని ఇప్పుడు సెన్సర్ చేస్తుంది. వెలుతురు వచ్చి పడేది దాని మీదే. వాన నీళ్లు పట్టడానికి గ్లాసు పెట్టడానికీ, బేసిన్ పెట్టడానికీ తేడా లేదూ? ఇదీ అంతే. మామూలు చిన్న కెమెరాల్లో సెన్సర్ సుమారు 6.2 బై 4.6 మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరు కంటే చిన్నది. 'ఒక అంగుళం సెన్సర్' అని పిలిచేది నిజానికి అంగుళం ఉండదు. 13.2 బై 8.8 మిల్లీమీటర్లు. అయినా మొదటి దానికి నాలుగు రెట్లు వైశాల్యం. లెన్సులు మార్చుకునే కెమెరాల్లో ఇంకా పెద్దవి ఉంటాయి. సెన్సర్ పెద్దదైన కొద్దీ సాయంత్రం ఇంట్లో తీసిన ఫొటోలు ఇసక చల్లినట్టు గరగరలాడకుండా వస్తాయి. ధరా పెరుగుతుంది. మరీ చిన్న సెన్సర్ కెమెరా అయితే, ఖరీదైన ఫోను ఉన్నవాళ్లు జూమ్ కోసం తప్ప కొనక్కర్లేదు. ఆ ఫోన్లలో సెన్సర్ దానికంటే పెద్దదే ఉంటోంది.

లెన్సు మీద ఎఫ్ పక్కన ఓ అంకె ఉంటుంది. అది ఎంత తక్కువైతే అంత మంచిది. ఎఫ్ 5.6 కంటే ఎఫ్ 2.8 నాలుగు రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి రానిస్తుంది.

జూమ్ రెండు రకాలు

ఆప్టికల్ జూమ్ అంటే లెన్సే ముందుకీ వెనక్కీ జరిగి దూరపు మనిషిని దగ్గర చేస్తుంది. అది నిజమైన జూమ్. డిజిటల్ జూమ్ అంటే తీసిన ఫొటోకి నాలుగు అంచులూ కత్తిరించి, మిగిలింది సాగదీయడం. పిండి ముద్ద పెంచకుండా చపాతీ పెద్దది చేస్తే ఏమవుతుంది? పల్చబడి చిరుగుతుంది. అందుకే పెట్టె మీద 'ఆప్టికల్' అని రాసి ఉన్న అంకెనే చూడండి. డిజిటల్ జూమ్‌ని సెట్టింగుల్లోకి వెళ్లి ఆపెయ్యండి.

షాపులో కెమెరాని చేత్తో పట్టుకుని చూడండి. బొత్తాలు మీ వేళ్లకి అందుతున్నాయా, బరువు మోయగలరా, మెనూ మీకు అర్థమవుతోందా? మోయలేని కెమెరా బీరువాలో పట్టుచీరల కిందే ఉండిపోతుంది. బిల్లు, వారంటీ కార్డు అడిగి తీసుకోవాలి. విడిగా ఒక బ్యాటరీ దొరుకుతుందో లేదో కనుక్కోవాలి.

కాలేజీ పిల్లలకి పాత డిజిటల్ కెమెరాల మీద మళ్లీ మోజు పుట్టింది. మీ ఇంట్లోవాళ్లు అలాంటిది కొంటానంటే కొన్ని చూసుకోమనండి. స్విచ్ వేస్తే లెన్సు చప్పుడు లేకుండా బయటికి రావాలి. తెల్లగోడని ఫొటో తీస్తే మచ్చలు పడకూడదు. బ్యాటరీ మూత గట్టిగా పట్టాలి. ఆ రకం బ్యాటరీ, కార్డు ఇప్పుడు దొరకాలి. 2006కి ముందు వచ్చిన ఎన్నో కెమెరాలు 2 జీబీ లోపు ఎస్‌డీ కార్డులే తీసుకుంటాయి. ఇంట్లో ఉన్న 64 జీబీ కార్డు వాటిలో పనిచెయ్యదు.

వెలుతురు ఎటుంది?

కెమెరా వచ్చింది సరే, ఇక తీయడం. మా అమ్మాయి తెలియకుండా చేసిన మొదటి మంచిపని వెలుతురుదే. అరుగు మీద నీడ. ఒక పక్కనుంచి వీధి వెలుతురు మెత్తగా మొహం మీద పడుతోంది. ఫ్లాష్ వెలగలేదు. మనం చేసేదేమిటి? మనిషిని కిటికీ ముందు నిలబెట్టి కిటికీ వైపు కెమెరా పెడతాం. వెనక తెల్లగా, మనిషి నల్లగా పడతాడు. మనం కిటికీ వైపు వీపు పెట్టి, మనిషి మొహం కిటికీ వైపు తిప్పితే చాలు. ఆరుబయట అయితే పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత బాగుంటుంది. మిట్టమధ్యాహ్నం కళ్ల కింద నీడలు గుంటల్లా పడతాయి. తప్పనప్పుడు చెట్టు నీడకి తీసుకెళ్లండి, లేదా పగలే ఫ్లాష్ వెయ్యండి. పగలు ఫ్లాషేమిటని నవ్వకండి, ఆ గుంటలు పోవడానికే అది.

చిన్న కెమెరా ఫ్లాష్ పదడుగులకి మించి పెద్దగా పనిచెయ్యదు. పెళ్లి పందిట్లో చివర కూర్చుని ఫ్లాష్ వేస్తే ముందు వరస వాళ్ల తలలే వెలుగుతాయి. కళ్లు ఎర్రగా పడేదీ దీనివల్లే. ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది. చీకట్లో కంటిపాప పెద్దదై ఉంటుంది. వెలుగు కంటి వెనక రక్తనాళాలున్న పొర మీద పడి సూటిగా తిరిగొస్తుంది. గదిలో లైట్లన్నీ వేసి, ఎదుటివాళ్లని కెమెరాలోకి కాక కాస్త పక్కకి చూడమంటే చాలావరకు తగ్గుతుంది. దీపావళి దీపాలకి ఫ్లాష్ ఆపండి. కెమెరాని స్టూలు మీద పెట్టి రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. ఆ వెలుగు అచ్చంగా అలాగే వస్తుంది.

పట్టుచీర రంగు మారిపోయిందని బాధపడుతుంటాం. అది బల్బు వెలుతురు పసుపు. మెనూలో వైట్ బ్యాలెన్స్ అని ఉంటుంది. బల్బు కింద బల్బు గుర్తు, ఎండలో సూర్యుడి గుర్తు పెడితే రంగులు సరిగ్గా వస్తాయి.

"నేను ఫొటోల్లో నల్లగా పడతాను"

ఈ మాట అనని ఆడది ఉండదేమో. మా తోడికోడలు ఈ మాట అనే ఏ ఫొటోకీ నిలబడేది కాదు. తప్పు ఆవిడ రంగుది కాదండీ, కెమెరాది. కెమెరా ఎదురుగా ఉన్నదాన్నంతా కలిపి మధ్యరకం బూడిద రంగు వెలుతురులోకి తేవాలని చూస్తుంది. వెనక తెల్ల గోడో, ఆకాశమో ఉంటే 'అబ్బో, వెలుతురు ఎక్కువైంది' అనుకుని మొత్తం తగ్గించేస్తుంది. దాంతో ముందున్న మనిషి మొహం చీకటి పడుతుంది. తెల్లటి ముగ్గు బూడిద రంగులో వచ్చేదీ ఇందుకే.

మందు చిన్నదే. కెమెరాలో కూడిక, తీసివేత గుర్తులున్న బొత్తం ఉంటుంది. దాన్ని ప్లస్ ఒకటి వైపు జరపండి. చాలా ఫోన్లలో అయితే మొహం మీద వేలితో తాకి, పక్కన కనిపించే సూర్యుడి బొమ్మని పైకి జరపండి. ఇలా తీసిన ఫొటో చూసి మా తోడికోడలు "ఇది నేనేనా అక్కా!" అంది. ఆవిడ చామనఛాయ ఎలా ఉందో అలాగే వచ్చింది, తెల్లబడలేదు. ఆవిడకి కావలసింది అదే.

దీని వెనక ఓ చరిత్ర కూడా ఉంది. రీళ్ల కాలంలో కొడాక్ కంపెనీ ఫొటో ల్యాబులకి రంగులు సరిచూసుకోవడానికి ఒక నమూనా కార్డు పంపేది. దాన్ని 'షర్లీ కార్డు' అనేవారు. దాని మీద ఒక తెల్లజాతి అమ్మాయి ఫొటో ఉండేది. ఆమె చర్మం బాగా వస్తే ఫొటో బాగా వచ్చినట్టే. వేరే రంగుల ఆడవాళ్లు కూడా ఉన్న కార్డులు వచ్చింది 1990లలోనే. ఇన్నాళ్లూ మనల్ని మనం తిట్టుకున్నాం!

దగ్గరికి వెళ్లండి, కింద కూర్చోండి

మా అమ్మాయి చేసిన రెండో మంచిపని దగ్గరగా వెళ్లడం. మూడోది నానమ్మ కళ్ల ఎత్తున కూర్చోవడం. పెద్దవాళ్లం నిలబడే తీస్తాం. పిల్లల నడినెత్తి, ముసలివాళ్ల పాపిడి బాగా పడతాయి. మోకాళ్ల మీద కూర్చుని తీసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. నొక్కేముందు వెనకాల ఏముందో ఒక్కసారి చూసుకోండి. తలలోంచి కరెంటు స్తంభం మొలవడం, పెళ్లికూతురి వెనక గ్యాసు సిలిండరు ఉండడం అన్నీ మనం చూసుకోనివే.

బొత్తం ఒకేసారి గట్టిగా నొక్కకండి. సగం నొక్కితే కెమెరా మొహాన్ని పట్టుకుని పచ్చ గుర్తు చూపిస్తుంది. అప్పుడు మిగతా సగం నొక్కాలి. మోచేతులు ఒంటికి ఆనించండి, లేదా గోడకి ఆనుకోండి. పరుగెత్తే పిల్లలకి షట్టర్ వేగం సెకనులో 250వ వంతు, అంతకంటే ఎక్కువ వేగం ఉంటే చెదరకుండా వస్తారు. అంత వేగానికి ఇంట్లో వెలుతురు చాలకపోతే ఐఎస్‌వో అంకె పెంచాలి. ఎండలో 100, ఇంట్లో 800 నుంచి 1600. అది కూరలో ఉప్పులాంటిది. కావలసినంతే వెయ్యాలి, ఎక్కువైతే ఫొటోలో గరుకు పెరుగుతుంది.

వాన కాలం, బూజు, మెమరీ కార్డు

లెన్సుని పమిటచెంగుతో తుడవకండి. దుమ్ము ఉంటే గీతలు పడతాయి. ముందు గాలి పంపుతో దుమ్ము పోగొట్టి, కళ్లజోడు తుడిచే మెత్తటి గుడ్డతో తుడవండి. వాన కాలం తేమకి లెన్సు లోపల బూజు పడుతుంది, బాగుచేయించడానికి బోలెడు ఖర్చు. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. నెల రోజులు వాడకపోతే బ్యాటరీ తీసెయ్యండి.

అన్నిటికంటే ముఖ్యం దాచుకోవడం. 2015 గోదావరి పుష్కరాలకి అందరం కలిసి రాజమండ్రి వెళ్లాం. అత్తగారు గోదాట్లో మునిగి లేస్తున్న ఫొటోలు, మా పెద్దాడపడుచుతో కలిసి దీపం వదులుతున్న ఫొటోలు చాలా తీశాం. 'తీరిగ్గా ఎక్కించుకుందాం' అని కార్డులోనే వదిలేశాం. ఒకరోజు కార్డు తెరుచుకోవడం మానేసింది. అంతే, ఒక్కటీ మిగల్లేదు. అప్పట్నుంచీ మాకో నియమం. ఊరినుంచి వచ్చిన వారంలోపు ఫొటోలు రెండు చోట్ల ఉండాలి. ఒకటి కంప్యూటర్‌లో, ఇంకొకటి విడిగా హార్డ్ డిస్క్‌లోనో, ఆన్‌లైన్ ఖాతాలోనో. రెండు చోట్లా తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే కార్డుని కెమెరాలో పెట్టి ఫార్మాట్ చెయ్యాలి.

ఏడాదికోసారి సంక్రాంతికి ముందు నేను పన్నెండు ఫొటోలు ఏరి కడిగిస్తాను. అవును, ఇంకా ఆ మాటే వస్తుంది నోటికి! వెనకాల పేర్లు, ఊరు, సంవత్సరం మెత్తటి పెన్సిల్‌తో రాసి ఆల్బమ్‌లో పెడతాను. నాలుగు వేల ఫొటోలు ఎవరూ చూడరు. పన్నెండైతే వచ్చిన చుట్టాలు కూడా చూస్తారు.

ఏరేటప్పుడు ఒక లెక్క కూడా చూస్తాను. ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఆ పన్నెండులో ఒక్కరైనా స్పష్టంగా, మొహం నిండా ఉన్నారా? మొదటి ఏడాది చూస్తే లేనిది ఎవరో తెలుసా? నేనే. ఫొటోలు తీసేది నేనయ్యాక నేను మాయమయ్యాను! ఇప్పుడు పది సెకన్ల టైమర్ పెట్టి పరుగెత్తుకెళ్లి నిలబడుతున్నాను, లేదా కెమెరా మా అమ్మాయి చేతికిస్తున్నాను. జుట్టు చెదిరిందనో, పాత చీరనో తప్పుకోవడం మానేశాను. మా అత్తగారు ఆ ఫొటోలో ఉన్నది వెలిసిపోయిన నేత చీరలోనే కదా.

ఈ ఆదివారం మీ ఫొటోలు ఒకసారి తీసి చూడండి. మీ అమ్మగారో, అత్తగారో స్పష్టంగా ఉన్న ఫొటో ఒక్కటైనా ఉందా? లేకపోతే కొత్త కెమెరా కొనేదాకా ఆగకండి. ఇంట్లో ఏది ఉంటే అది పట్టుకుని, ఆవిడ పనిలో ఉన్నప్పుడు కిటికీ పక్కకి వెళ్లి, ఎదురుగా కింద కూర్చోండి. ఏదైనా పాత కబురు అడగండి. ఆవిడ నవ్వుతారు. అప్పుడు నొక్కండి.